బొగ్గేటి ఇసుకలో ఆరువందల మంది

ఆ ఉదయం చెలమ నిండి ఉంది.

రాహేలమ్మ కుండ చంకన పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. రోజూ అయితే తెల్లవారకముందే వచ్చి ఇసుక తవ్వి, చిప్పతో బురద తోడిపోసి, ఊట కోసం గంటసేపు కాచుకుంటే గాని కుండెడు నీళ్ళు దొరికేవి కావు. ఈవేళ ఎవరూ తవ్వకుండానే గుంట అంచుదాకా నీళ్ళున్నాయి. ఆమె నాలుగడుగులు అవతలికి పోయి కాలి మడమతో ఇసుక గీకింది. జానెడు లోతు పోకముందే తడి తగిలింది. చూస్తుండగానే ఆ గుంటలోనూ నీళ్ళు చేరాయి.

తలెత్తి చూసింది. నెత్తిమీద ఆకాశం తేటగా ఉంది. పడమటి దిక్కున, ఉదయగిరి దుర్గం కొండ కనబడాల్సిన చోట మాత్రం నల్లగా ఉంది. కొండ కనబడక రెండు రోజులైంది.

అది ధాత కరువు రెండో ఏడు. బొగ్గేరు పారడం మానేసి కూడా రెండేళ్ళు. చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయినా వాగు నడుమ చెలమలు తవ్వితే ఇంకా నీళ్ళు పడుతున్నాయి. అందుకని కరువు పనుల శిబిరాన్ని వాగు ఇసుకలోనే వేయించారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బాట వాగును దాటేచోట, గుండ్లరేవు దగ్గర, ఆరు వరసల తాటాకు పాకలు. ఆరువందల మందికి పైగా జనం. పగలంతా బాటకు మట్టి కట్ట పోయడం, సాయంత్రం మనిషికింత రంగూను బియ్యం తీసుకుని ఇసుకలో గంజి కాచుకోవడం. అదే వాళ్ళ బతుకు.

రాహేలమ్మ నీళ్ళు తీసుకుని రోగుల పాకలోకి పోయింది. ఆమె అత్త వరదమ్మ అక్కడ జ్వరంతో పడి ఉంది. మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చిన కోడలంటే ముసలామెకు మొదట్లో గిట్టేది కాదు. కొడుకు సామ్యేలు కలరాతో పోయాక ఒకరికొకరు తప్ప ఎవరూ మిగల్లేదు.

"అత్తా, చెలమ దానంతట అదే పొంగింది," అంది రాహేలమ్మ.

వరదమ్మ కళ్ళు తెరిచింది. "నిండా?"

"నిండా. అంచుదాకా."

ముసలామె మోచేతి మీద లేచి కూర్చోబోయింది. "ఇసక కింద నీళ్ళు ముందొస్తాయే. పైన నీళ్ళు తర్వాత వస్తాయి. నా పెళ్ళి కాకముందు మా మేనమామ మంద ఇట్టనే పొయ్యింది. ఈడ చినుకు లేదు. పొద్దున చెలమ పొంగింది, మజ్జానానికి నూరు గొర్రెలు లేవు. ఆ పంతులికి చెప్పు. బిరీన పో."

ఆ పంతులు శిబిరం ఓవర్సీరు వేదగిరి పంతులు. నెల్లూరు మనిషి. యాభై ఏళ్ళుంటాయి. భాద్రపదంలో శిబిరం గుమాస్తా కలరాతో చనిపోయినప్పుడు, పేర్లు చదివేవాళ్ళు ఇంకెవరూ లేక హాజరు పట్టీ రాహేలమ్మ చేతిలో పెట్టాడు. మాదిగపాలెం మనిషి నోట తమ పేర్లు వినడానికి రైతుల ఇళ్ళవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. పేరు పలికితేనే బియ్యం అని తెలిశాక ఒప్పుకున్నారు.

పిలిచినప్పుడు పలకకపోతే పేరు కొట్టేయాలి. అది నియమం. పోయిన నెల పెంచలమ్మ అనే ఆమె, చనిపోయిన పసిబిడ్డను గట్టుమీద పూడ్చిపెట్టి పిలుపు అయిపోయాక వచ్చింది. ఆ పేరు మీద గీత గీసింది రాహేలమ్మే. మర్నాడు పెంచలమ్మ కలిగిరి బాట పట్టి పోయింది. మళ్ళీ ఎవరూ ఆమెను చూడలేదు. అప్పటినుంచి శిబిరంలో ఎవరూ పిలుపుకు ముందు ఇసుక దాటి పోవడం లేదు.

రాహేలమ్మ పిలిస్తే వేదగిరి పంతులు చెలమ దాకా వచ్చి చూశాడు. వంగి నీళ్ళలో వేలు పెట్టాడు.

"అయ్యా, జనాన్ని గట్టు ఎక్కించండి," అంది రాహేలమ్మ.

"ఎక్కించమంటే ఎట్లాగమ్మా? ఉత్తర్వు లేదే."

"నీళ్ళు ఉత్తర్వు కోసం ఆగతాయా?"

"నాకు చెప్పొద్దు," అన్నాడు పంతులు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "శ్రావణంలో కలరా వచ్చినప్పుడు, నాకు ముందు ఇక్కడున్నాయన శిబిరాన్ని గట్టుమీదికి మార్చాడు. రెండు రోజులు పని ఆగింది. కరువు పనుల మీద ఉన్న దొరగారు ఆత్మకూరు నుంచి వచ్చి ఆయన్ని అక్కడికక్కడే తీసేశారు. పాకలు మళ్ళీ ఇసుకలోకి దింపించింది నేను. నా ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారు. ఇప్పుడే రాస్తాను. రేపటికి జవాబు వస్తుంది."

"రేపటికా!"

పంతులు కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఉత్తరపు గట్టు మీద ఒక మనిషి కనబడ్డాడు. ఎండలో, నిలువునా తడిసి ఉన్నాడు. పరుగులాంటి నడకతో ఇసుకలోకి దిగి వాళ్ళ వైపే వచ్చాడు. భుజానికి అడ్డంగా పట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ళ. అతని పేరు మునెయ్య. ఉదయగిరిలో కరువు పనులు చూసే అమీను దగ్గర బంట్రోతు.

"అయ్యా, మీరు ఇంకా ఈడనే ఉండారా!" అన్నాడు మునెయ్య రొప్పుతూ. "పైన రెండు రోజులుగా ఒకటే వాన. చెరువులన్నీ అలుగు పారతా ఉండాయి. నేను వస్తా వస్తా చూసినాను, నల్లగుంట చెరువు కట్ట జారతా ఉండాది. అది తెగిందంటే నీళ్ళన్నీ ఈ వాగులోకే."

"మీ అమీను ఏమన్నాడు?"

"కాయితం రాసినాడు. ఆత్మకూరులో దొరగారికి ఇయ్యమన్నాడు." మునెయ్య తలపాగా లోపలినుంచి లకోటా తీశాడు. ఎర్ర లక్క ముద్ర తడవకుండా ఉంది. "శిబిరం మాట ఇందులో ఉండాది. రాసేటప్పుడు నేను ఆడనే ఉండాను. గుండ్లరేవు, గుండ్లరేవు అని రెండుసార్లు అన్నాడు."

ఆత్మకూరు అక్కడికి మూడు కోసులు. పోయి, దొరను కలిసి, జవాబు తీసుకుని వచ్చేసరికి పొద్దు వాలుతుంది. ముగ్గురూ ఆ లెక్క మనసులోనే వేసుకున్నారు.

"ఇందులో ఉత్తర్వు ఉంటే..." అని పంతులు ఆగిపోయాడు.

"ఉంటే తెరిచి చూడండయ్యా," అంది రాహేలమ్మ.

"దొరగారి పేరు మీద ఉన్న ముద్ర అది. నేను తెరిస్తే జైలు."

పంతులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ఆ కాగితం తనకు తగులుతుందేమో అన్నట్టు. మునెయ్య ఆ చేతులను చూశాడు. పాకల మధ్య ఆడుకుంటున్న పిల్లలను చూశాడు. అప్పటికే కొంతమంది పనిముట్లు పట్టుకుని చుట్టూ చేరారు.

"పదిహేనేళ్ళుగా మోస్తా ఉండాను," అన్నాడు మునెయ్య. "ఒక్కటి కూడా తెరిచింది లేదు." అంటూనే బొటనవేలు లోపలికి పోనిచ్చి ముద్ర విరగ్గొట్టాడు. కాగితం తీసి పంతులు వైపు చాచాడు. పంతులు అందుకోలేదు. రాహేలమ్మ అందుకుంది.

కాగితం నిండా గొలుసుకట్టు రాత. హాజరు పట్టీతో అలవాటైన రాతే. ఆమె పెదవులు కదపకుండా చదివింది.

'మహారాజశ్రీ దొరగారి సముఖమునకు. ఇచ్చట రెండు దినములుగా వర్షము అధికముగా నున్నది. చెరువులు కొన్ని అలుగులు పారుచున్నవి. గుండ్లరేవు శిబిరము విషయమై ఏమి చేయవలసినదియు తమ చిత్తము తెలియదు. సదరు శిబిరము నా సరిహద్దులోనిది కానందున ఎవరినైనను కదిలించుటకు నాకు అధికారము లేదు. తమ సెలవు కొరకు వేచియున్నాను.'

అంతే ఉంది. ఇంకేమన్నా ఉందేమోనని కాగితం తిరగేసింది. వెనక ఖాళీ.

పంతులు ఆమె భుజం మీదుగా చదివాడు.

"ఏమని ఉండాది?" అన్నాడు కొండలయ్య. అతను రైతుల గుంపుకు పెద్ద. రెండేళ్ళ క్రితం నాలుగు జతల ఎద్దులున్న మనిషి. "రాహేలూ, ఏమని ఉండాదో పైకి చదువు."

చుట్టూ అప్పటికే వందమంది. అందరి చూపూ కాగితం మీదే. ఉన్నది చదివితే వీళ్ళు కదలరు. కదలమని తను చెబితే, నువ్వెవరు అంటారు. పేరు కొట్టేస్తే ఏం తిని బతకాలి అంటారు. ఆ మాటా తప్పు కాదు.

రాహేలమ్మ కాగితాన్ని కళ్ళకు ఎదురుగా పట్టుకుని, హాజరు పిలిచే గొంతుతో మొదలుపెట్టింది.

"గుండ్లరేవు శిబిరములో ఉన్న జనమంతయు ఈ కాగితము అందిన తక్షణము వాగు విడిచి గట్టు ఎక్కవలెను. ముందు రోగులను, పిల్లలను చేర్చవలెను. తరువాత బియ్యపు మూటలను చేర్చవలెను. పని ఆపినందుకు ఎవరి పేరును కొట్టివేయరాదు. నేటి బియ్యము గట్టు మీదనే ఇవ్వవలెను."

ఎవరూ కదల్లేదు.

"ఆ పేర్ల మాట ఇంకోసారి చదువు," అన్నాడు కొండలయ్య.

అన్న మాటలే మళ్ళీ అనాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు. "పని ఆపినందుకు ఎవరి పేరును కొట్టివేయరాదు. నేటి బియ్యము గట్టు మీదనే ఇవ్వవలెను."

కొండలయ్య పంతులు వైపు తిరిగాడు. "అయ్యా, మీరూ చూసినారు గదా. అట్టనే ఉండాదా?"

వేదగిరి పంతులు నోరు తెరిచాడు, మూశాడు. అతను ఒక్కమాట అంటే చాలు, అంతా అక్కడితో ఆగిపోతుంది. రాహేలమ్మ అతని వైపు చూడలేదు. కాగితాన్నే చూస్తూ నిలబడింది.

"అట్లాగే ఉంది," అన్నాడు పంతులు. "కదలండి. నిలబడి చూస్తారేంది, కదలండి!"

ఆ కేకతో శిబిరం లేచింది. కొండలయ్య మగవాళ్ళను రోగుల పాకలోకి తరిమాడు. మంచాలు లేవు. చాపలతో సహా నలుగురేసి ఎత్తుకున్నారు. వరదమ్మను రైతుల ఇళ్ళ కుర్రవాళ్ళిద్దరు మోశారు. మామూలు రోజుల్లో ఆమె నీడ తగిలితే తప్పుకునేవాళ్ళు. ఆడవాళ్ళు పిల్లలను చంకన, కుండలను నెత్తిన పెట్టుకుని ఇసుకలో కాళ్ళు కూరుకుపోతూ పరుగెత్తారు. మునెయ్య బియ్యపు కొట్టు దగ్గర నిలబడి మూటలు భుజాలకు ఎత్తించాడు.

రాహేలమ్మ పాక పాకలోకి తొంగి చూస్తూ పోతోంది. నాలుగో వరసలో ఉండగా కాలికింద ఇసుక మెత్తబడింది. అడుగు వేసినచోటల్లా నీళ్ళు నిలిచాయి.

అప్పుడు కొండలయ్య తమ్ముడు దిగువనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అరకోసు దిగువన, వాగులోనే, నలభై మంది కంకర తవ్వుతున్నారు. వాళ్ళను పిలవడానికి పోయిన మనిషి అతను.

"వాళ్ళు రామంటా ఉండారు," అన్నాడు. "మేస్త్రీకి చదువు వచ్చు గదా. ఉత్తర్వు ఉంటే కాయితం చూపించమంటా ఉండాడు. వట్టి మాటకి పని ఆపితే నా తల పోతాది అంటా ఉండాడు. ఆ కాయితం ఇట్టా ఇయ్యి, పట్టకపోతాను."

అతను చెయ్యి చాచాడు. రాహేలమ్మ కాగితాన్ని రవికలోకి దోపుకుంది. మేస్త్రీ దాన్ని చదివితే నలభై మందీ అక్కడే ఉండిపోతారు. చూపించకపోయినా ఉండిపోతారు.

"నేను పోతాను," అంది.

"నువ్వు పోతే వినడు," అన్నాడు వెనకనుంచి వేదగిరి పంతులు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, తర్వాత వాటినీ పారేశాడు. "నేను చెప్పాలి. కాగితం అక్కర్లేదు. నేనే ఉత్తర్వు అంటాను."

"అయ్యా, నీళ్ళు..."

"ఇక్కడ చూసుకోమ్మా," అని అతను దిగువకు పరుగెత్తాడు. ఎన్నడూ పరుగెత్తి ఎరగని మనిషి. పంచె కాళ్ళకు అడ్డం పడుతోంది. రెండుసార్లు తూలిపడి, లేచి పోయాడు.

ఇంకో అరగంట గడిచిందేమో. చివరి మూటలు గట్టెక్కుతున్నాయి. అప్పుడు పడమటినుంచి చప్పుడు వినబడింది. రాళ్ళబాట మీద వంద బండ్లు ఒక్కసారిగా వస్తున్నట్టుంది. గట్టుమీద జనం అటు తిరిగారు.

"ఎక్కండి! మూటలు పారేసి ఎక్కండి!" అని మునెయ్య అరిచాడు.

వాగు మలుపులో ముందు నీళ్ళు కనబడలేదు. ఎండుకంప, ఆకులు, కట్టెలు, నురుగు అన్నీ కలిసిన గోడ ఒకటి నడుమెత్తున దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక ఎర్రమట్టి నీళ్ళు. మొదటి వరస పాకలు అక్కడికక్కడే కూలబడ్డాయి. రెండో వరస లేచి తేలింది. రాహేలమ్మ గట్టు వాలులో వేళ్ళతో మట్టి పట్టుకుని పైకి పాకుతుండగా ఎవరో ఆమె జుట్టూ చెయ్యీ కలిపి పట్టుకుని లాగారు. కొండలయ్య. ఇద్దరూ గట్టుమీద పడి వెనక్కి తిరిగి చూసేసరికి శిబిరం ఉన్నచోట వాగు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పారుతోంది.

ఎవరూ ఏడవలేదు. తర్వాత వాన మొదలైంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన వాన. దాని కింద తలవంచుకుని కూర్చున్నారు.

రాహేలమ్మ హాజరు పట్టీ విప్పి పేర్లు పిలిచింది. కంకర గుంపు పేర్లు వదిలేసి మిగిలినవన్నీ ఒకటొకటిగా. పలికినప్పుడల్లా ఆమెకు ఊపిరి తిరిగివచ్చేది. ఆరో వరసకు వచ్చేసరికి సిద్ధయ్య పేరు పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. జ్వరం తగ్గిందని ముందురోజే అతన్ని రోగుల పాకలోనుంచి చివరి పాకకు మార్చారు. నడవలేడని అందరికీ తెలుసు. ఎవరో ఒకరు మోస్తారని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

ఇంకో ఇద్దరు పలకలేదు. మరిచిపోయిన కుండ కోసం వెనక్కి దిగిన తల్లీకూతుళ్ళు.

పొద్దు వాలేటప్పుడు వాగుకు అవతల, దక్షిణపు గట్టు మీద మనుషులు కనబడ్డారు. లెక్కపెడితే నలభై ఒకరు. అందులో ఒక పంచె మనిషి చేతులు పైకెత్తి ఊపాడు. అంత దూరం నుంచి ముఖం తెలియలేదు. అయినా అందరూ గుర్తుపట్టారు.

రెండు రోజులు వాగు దాటడానికి వీల్లేకపోయింది. బియ్యం గట్టుమీదనే ఇస్తారని కాగితంలో ఉందని విన్నారు గనుక జనం అడిగారు. రాహేలమ్మ మూటలు విప్పించింది. తడిసినవి ముందు, పొడివి తర్వాత. కొండలయ్య కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎవరూ తోసుకోలేదు.

ఆమె ప్రార్థన చేయబోయింది. చెప్పిన అబద్ధానికి క్షమాపణ అడుగుదామంటే మనసు ఒప్పలేదు. సిద్ధయ్య పేరు మాత్రం మళ్ళీ మళ్ళీ నోటికి వచ్చింది.

"ఆ కాయితం ఇయ్యమ్మా," అన్నాడు మునెయ్య రెండో రోజు. "దొరగారికి ఇయ్యాల్సింది అది."

"ఆయన ఇది చదివితే, మనమిద్దరం..."

"నాకు చదువు రాదు. ఏముండాదో నాకు తెలీదు. ఇమ్మన్న చోట ఇచ్చేది నా పని." కొంచెం ఆగి, "నువ్వు చదివింది అందులో లేదని మాత్రం తెలుసు," అన్నాడు. "మా అమీను అంత సూటిగా ఎప్పుడూ రాయడు."

ఆమె కాగితం ఇచ్చేసింది.

మూడో రోజు నీళ్ళు మోకాలి లోతుకు దిగాక దొర గుర్రం మీద వాగు దాటి వచ్చాడు. వెంట మున్షీ, వేదగిరి పంతులు, ఆరుగురు బంట్రోతులు. మునెయ్య ఎదురుపోయి ముద్ర విరిగిన లకోటా రెండు చేతులా అందించాడు. మున్షీ చదివి దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర ముఖం ఎర్రబడింది. కాగితం తీసుకుని తానే చాలాసేపు చూసి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. జనం వైపు, బియ్యపు మూటల వైపు చూశాడు. దొరా మున్షీ పక్కకు పోయి మాట్లాడుకున్నారు.

తర్వాత మున్షీ ఒక చాప మీద కూర్చుని కాగితం రాశాడు. పంతులునూ రాహేలమ్మనూ పిలిచాడు.

"పైవాళ్ళకు పంపాలి. సాక్షులుగా మీరిద్దరూ సంతకం చేయాలి," అని చదివాడు. "వరదకు ముందు దినము, మంగళవారం నాడే దొరగారు శిబిరం ఖాళీ చేయవలసిందిగా నోటిమాటగా ఉత్తర్వు చేసిరి. ఆ ప్రకారం జనము గట్టు చేరిరి. ఉత్తర్వు మీరి వెనుక నిలిచిన ముగ్గురు మాత్రము మరణించిరి."

"ఏ మంగళవారం?" అంది రాహేలమ్మ.

మున్షీ తలెత్తి చూశాడు. "ఏ మంగళవారమైతే నీకెందుకు? వంద మంది ముందు లేని ఉత్తర్వు చదివావని దొరగారికి తెలుసు. దానికి శిక్ష ఏంటో నీకు తెలుసా? ఇది రాస్తే ఆ తప్పు ఉండదు. నీ మేలు కోసమే."

వేదగిరి పంతులు కలం తీసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా సంతకం చేశాడు. కలాన్ని ఆమె వైపు చాచాడు.

రాహేలమ్మ అందుకోలేదు.

"సిద్ధయ్య ఉత్తర్వు మీరలేదయ్యా. ఆయన నడవలేడు. మేం మరిచిపోయినాం. నేను మరిచిపోయినాను. అది రాయండి, సంతకం పెడతాను."

"ఇంకా?"

"ఉత్తర్వు వచ్చిందని రాస్తే, ఇంకోసారి కూడా వస్తాదని జనం ఇసకలో కూసొని ఉంటారు. పైవాళ్ళు కూడా ఉత్తర్వులు అందతా ఉండాయిలే అనుకుంటారు. ఆ రోజు నేను చదివింది ఈళ్ళు బతకాలని. ఇది దేనికి?" ఆమె గొంతు పెద్దదైంది. గట్టుమీద వాళ్ళందరికీ వినబడింది. "రాయాలంటే ఇట్టా రాయండి. చెలమ పొంగితే ఎవురినీ అడగబళ్ళేదు, ఆడుండే ఓవర్సీరే జనాన్ని గట్టెక్కించొచ్చు, పేర్లు కొట్టేసేది లేదు అని. పైన వాన పడితే అమీను మనిషి నేరుగా శిబిరానికే వచ్చి చెప్పొచ్చు అని."

మున్షీ ఆ మాటలు దొరకు చెప్పాడు. దొర ఆమెను తేరిపార చూశాడు. ఒక్కక్షణం ఏదో అనబోయినట్టే ఉంది. కాని గుర్రం వైపు తిరిగి ఇంగ్లీషులో రెండు మాటలు అన్నాడు.

"అట్లాంటి అధికారం కిందివాళ్ళకు ఇవ్వడానికి నిబంధనలు లేవట," అన్నాడు మున్షీ.

ఆమెను శిక్షించలేదు. శిక్షిస్తే ఎందుకో రాయాలి. హాజరు పట్టీ తీసేసుకుని తట్ట పట్టుకోమన్నారు. మునెయ్య ముద్ర విరగ్గొట్టినందుకు బిళ్ళ తీయించారు. అతను భుజం పట్టీ విప్పి, మడత పెట్టి ఇచ్చాడు. ఉదయగిరికి పోలేక ఆ సాయంత్రమే శిబిరం హాజరు పట్టీలో తన పేరూ రాయించుకున్నాడు.

వేదగిరి పంతులును నెల్లూరు పిలిపించారు. పోయేముందు రాహేలమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నేను ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

"మీరు నలభై మందిని గట్టెక్కించినారు," అంది ఆమె.

నీళ్ళు పూర్తిగా తీశాక కొత్త ఓవర్సీరు వచ్చాడు. చెలమలు దగ్గరగా ఉంటాయని పాకలు మళ్ళీ ఇసుకలో వేయించాడు. జనం కిక్కురుమనకుండా గుంజలు పాతి తాటాకు కప్పారు. సాయంత్రం బియ్యం తీసుకున్నారు. కుండలు నింపుకున్నారు. ఆ తర్వాత, ఒకరి వెనక ఒకరు, చాపలు చుట్టుకుని గట్టెక్కారు. రోగులను ముందు మోసుకుపోయారు.

"ఎక్కడికి?" అని ఓవర్సీరు అరిచాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలేదయ్యా," అన్నాడు కొండలయ్య పైనుంచి. "పని ఆడ చేస్తాం. నిద్ర ఈడ పోతాం."

"పేర్లు కొట్టేస్తాను!"

మర్నాడు తెల్లవారి అతను ఇసుకలో నిలబడి హాజరు పిలిచాడు. ఒక్కరూ దిగి రాలేదు. పిలిచిన ప్రతి పేరూ గట్టుమీదనుంచే పలికింది. మొదటి పేజీ అయ్యేదాకా చూశాడు. తర్వాత పట్టీ చంకన పెట్టుకుని, గొణుక్కుంటూ తానే గట్టెక్కి వచ్చాడు.

కార్తీకంలో బొగ్గేరు ఇంకో రెండుసార్లు పొంగింది. రెండుసార్లూ ఖాళీ పాకలు కొట్టుకుపోయాయి. సంక్రాంతి పోయాక, పైరు చేతికి వస్తోందని శిబిరం ఎత్తేశారు. వరదమ్మ కోడలి భుజం పట్టుకుని నడిచింది. కొంతదూరం పోయాక ఆగి, "ఆ కాయితంలో నిజంగా ఏముండిందే?" అని అడిగింది.

రాహేలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలామె విని, "నువ్వు చదివిందే నయం," అని నడక సాగించింది.